చరిత్రను చూడబోవడం: అమెరికా చారిత్రక నగరాలూ మన యాత్రాకథకులూ

అమెరికా వెళ్ళివచ్చినవాళ్ళు తెలుగులో రాసే యాత్రాకథనాలకు ఈనాడు కొదవ లేదు. పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తూవుంటారు. తల్లిదండ్రులు ఆరునెలల వీసా మీద వెళతారు. పిల్లలకు దొరికిన నాలుగు సెలవురోజుల్లో కారెక్కి ఫిలడెల్ఫియా, బోస్టన్, వాషింగ్టన్, ఓపిక వుంటే విలియమ్స్‌బర్గ్, న్యూ ఓర్లియన్స్ చూసివస్తారు. తిరిగివచ్చాక ఆ అనుభవాలను పుస్తకంగా వేస్తారు. ఈ పుస్తకాలను చులకన చెయ్యాలని నాకు లేదు. బడిపంతులుగానో గుమాస్తాగానో జీవితం గడిపిన మనిషి అరవై దాటాక సముద్రాలు దాటి, చూసినదాన్ని నలుగురితో పంచుకోవాలనుకోవడం మంచి విషయమే. కాని ఇట్లాంటివి పది చదివేసరికి ఒక నిట్టూర్పు మళ్ళీ మళ్ళీ వినపడుతుంది. రెండున్నర శతాబ్దాల చరిత్రను వాళ్ళు ఎంత భద్రంగా కాపాడుకున్నారు, వేల యేళ్ళ చరిత్ర వుండి మనం ఏం చేశాం అని.

ఈ నిట్టూర్పులో మూడు మాటలున్నాయి: "వాళ్ళు", "చరిత్ర", "కాపాడుకోవడం". మూడింటినీ రచయిత పరీక్షించకుండానే ఒప్పుకున్నాడు. వాళ్ళంటే ఎవరు? వాళ్ళు కాపాడింది ఏ చరిత్రను? కాపాడుకోవడమనే పని ఎట్లా జరిగింది, దానికోసం ఎవరిని ఎక్కడినుంచి లేవగొట్టారు? ఈ ప్రశ్నలు వెయ్యనివాడు తాను చూసిన నగరాన్ని గురించి రాయడంలేదు, నగరం తనను గురించి అచ్చువేయించుకున్న కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాడు.

యాత్రాచరిత్ర నుంచి ఇంత ఆశించడం అత్యాశ అనేవాళ్ళు వుంటారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన కాశీయాత్ర చరిత్రను వాళ్ళొకసారి తిరగెయ్యాలి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషి, వర్ణాశ్రమ ధర్మాలను నమ్మినవాడు, విప్లవకారుడేమీ కాదు. అయినా దారి ఎట్లా వుందో, యేరు ఎట్లా దాటారో, సుంకం ఎక్కడ కట్టారో, ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో, పల్లకీ మోసే బోయీలు ఎక్కడ అవస్థపడ్డారో రాశాడు. పుణ్యక్షేత్రానికి పోతున్న భక్తుడి కళ్ళకు బోయీలు కనిపించారు. చారిత్రక నగరానికి పోతున్న మన ఆధునికుడి కళ్ళకు ఎవరు కనిపిస్తున్నారు?

ముందు విలియమ్స్‌బర్గ్ సంగతి చూద్దాం. మన రచయితలను ఎక్కువగా ముగ్ధులను చేసే వూరు అదే. 1699 నుంచి 1780 వరకు వర్జీనియాకు రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కు తరలిపోయాక ఒక చిన్న పట్నంగా మిగిలిపోయింది. గుడ్విన్ అనే మతాచార్యుడు ఆ పట్నాన్ని పద్దెనిమిదో శతాబ్దపు రూపానికి తిరిగి తేవాలని కలగన్నాడు. ఆ కలకు 1926లో డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నవాడు చిన్న రాక్‌ఫెల్లర్. ఇళ్ళ ధరలు పెరుగుతాయని కొనేవాడి పేరు దాచివుంచారు. 1928లో గాని అసలు దాత ఎవరో పట్నవాసులకు తెలియలేదు. 1790 తర్వాత కట్టిన ఇళ్ళు, దుకాణాలు 700 పైచిలుకు కూలగొట్టారు. పాత కాలపువి 88 కట్టడాలు నిలబెట్టారు. గవర్నరు భవనం, శాసనసభా భవనం ఎన్నడో తగలబడిపోయాయి. పాత పునాదుల మీద వాటిని మళ్ళీ కట్టి 1934లో తెరిచారు. అంటే మన యాత్రికుడు చెయ్యివేసి తడిమి పులకించే గవర్నరు భవనం వయసు మన సాగర్ డ్యాం కంటే రెండుమూడు దశాబ్దాలు మాత్రమే ఎక్కువ.

కూలగొట్టి మళ్ళీ కట్టడం తప్పు అని నేను అనడంలేదు. ఏ చరిత్రకారుడయినా ఎంపిక చెయ్యవలసిందే. చూడవలసింది ఆ ఎంపిక ఎటు మొగ్గింది అనేదే. స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఆ పట్నంలో నివసించినవాళ్ళలో సగానికి పైగా నల్లజాతి ప్రజలు. వాళ్ళలో దాదాపు అందరూ బానిసలు. పునరుద్ధరించిన పట్నంలో యాభై యేళ్ళ దాకా వాళ్ళ ప్రసక్తి లేదనే చెప్పాలి. జరీకోట్ల దొరలు, విసనకర్రల దొరసానులు, గుర్రపు బండ్లు, పూలతోటలు కనిపించేవి. ఆ తోటలకు నీళ్ళు పోసిందెవరో, వంటయింట్లో పొయ్యి వూదిందెవరో కనిపించేది కాదు. పట్నంలోని నల్లవారి బాప్టిస్టు చర్చి 1776లో మొదలయిన సంఘానిది. 1856లో కట్టిన వాళ్ళ చర్చి భవనాన్ని పునరుద్ధరణ సంస్థ కొని, 1950ల మధ్యలో కూల్చివేసింది. తర్వాత ఆ చోటును కార్లు నిలిపే స్థలంగా చదునుచేశారు. స్వాతంత్ర్య చరిత్రను చూడవచ్చిన యాత్రికులు తమ కార్లను సమాధుల మీద నిలిపారు. ఇది అలంకారానికి చెబుతున్న మాట కాదు. 2020లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు సంఘపు తొలి కట్టడపు పునాదులతోపాటు డజన్లకొద్దీ సమాధులు బయటపడ్డాయి.

దాత గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. విలియమ్స్‌బర్గ్‌కు డబ్బు పెట్టడానికి పన్నెండేళ్ళ ముందు, 1914 ఏప్రిల్ 20న, కొలరాడో రాష్ట్రంలో లడ్లో అనేచోట గని కార్మికుల సమ్మె గుడారాల మీద సైనికులు, కంపెనీ కాపలాదార్లు కాల్పులు జరిపి నిప్పుపెట్టారు. ఒక గుడారం కింద గోతిలో దాక్కున్న ఇద్దరు స్త్రీలూ, పదకొండుమంది పిల్లలూ వూపిరాడక చనిపోయారు. ఆ బొగ్గు కంపెనీలో పెత్తనం రాక్‌ఫెల్లర్ కుటుంబానిది. లడ్లోలో వున్న స్మారకచిహ్నం కార్మికసంఘం తన డబ్బుతో కట్టుకున్నది. ఆ స్థలాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రభుత్వం గుర్తించింది 2009లో. రాక్‌ఫెల్లర్ లడ్లో మచ్చ కడుక్కోవడానికే విలియమ్స్‌బర్గ్ కట్టాడని ఎవరయినా అంటే నేను ఒప్పుకోను. అంత తేలిక సూత్రాలతో చరిత్ర నడవదు. అతనికి పాత ఇళ్ళ మీద నిజమయిన ప్రేమే వుండవచ్చు. కాని ఏ స్థలం ముందు యాత్రికుడు నిలబడాలి, ఏ స్థలం వైపు కారు తిరగనవసరం లేదు అని నిర్ణయించే శక్తి ఒక వర్గం చేతిలో వుందనే విషయానికి, ఒకే మనిషి జీవితంలో ఎదురెదురుగా నిలిచిన ఈ రెండు చోట్లకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1979 నుంచి అక్కడ నల్లవారి జీవితాన్ని చూపే ప్రయత్నాలు మొదలయ్యాయి. పౌరహక్కుల వుద్యమం గడిచాక జరిగిన మార్పు అది, దాతల మనసు దానంతటది కరిగి జరిగింది కాదు. 1994 అక్టోబరులో అక్కడి నల్లజాతి ఉద్యోగులు బానిసల వేలాన్ని వీధిలో అభినయించి చూపారు. నల్లవారి సంఘాలవాళ్ళే వచ్చి నిరసన తెలిపారు. మా పూర్వీకుల బాధను సెలవుల వినోదం చేస్తారా అన్నది వాళ్ళ ప్రశ్న. నిరసించడానికి వచ్చిన నాయకుల్లో ఒకరు, ప్రదర్శన చూశాక తన అభిప్రాయం మార్చుకున్నట్టు చెప్పారు. నాకు ఇద్దరి వాదనలోనూ న్యాయం కనిపిస్తుంది. టిక్కెట్టు కొన్నవాడి ముందు ఏడవవలసిరావడం అవమానమే. ఏడుపు అసలు వినిపించని వీధి కూడా అబద్ధమే. మన యాత్రాకథనాల్లో ఈ వివాదం ప్రస్తావన నాకు తగల్లేదు. ఆ వీధి కంకర ఎంత శుభ్రంగా వుందో మాత్రం తప్పక వుంటుంది.

దక్షిణాన చార్ల్స్‌టన్ వుంది. అందమయిన వూరు. రంగురంగుల ఇళ్ళు, పొడుగాటి వసారాలు, ఇనుపతీగెల ద్వారాలు. ఈ అందం చెక్కుచెదరకుండా మిగలడానికి ఒక కారణం అంతర్యుద్ధం తర్వాతి దారిద్ర్యం. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే డబ్బు అక్కడి దొరలకు లేకపోయింది. తర్వాత 1931లో, అమెరికాలో మొట్టమొదటిగా, ఒక పేటనంతా చారిత్రక ప్రాంతమని ప్రకటిస్తూ ఆ నగరం చట్టం చేసింది. అయితే ఆ ఇళ్ళు లేవడానికి డబ్బు ఎక్కడిది? వరి నుంచి వచ్చింది. డెల్టా జిల్లాల పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వరి పండించడమంటే గట్లు, తూములు, కాలవలు, నీరు ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తియ్యాలి అన్న జ్ఞానమంతా అని మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఉప్పునీటి ఆటుపోట్ల పక్కన చిత్తడి అడవిని నరికి మళ్ళు చేసిన ఆ శ్రమ పశ్చిమాఫ్రికా నుంచి పట్టితెచ్చిన బానిసలది. వాళ్ళలో చాలామంది తమ దేశంలో వరి పండించినవాళ్ళే. ఆ నగరపు గోడల్లో కొన్ని ఇటుకల మీద వేళ్ళ గుర్తులు నేటికీ కనిపిస్తాయి. పచ్చి ఇటుకను అచ్చులోంచి తీసిన బానిసల వేళ్ళవి. కొన్ని మరీ చిన్నవి, పిల్లలవి. ఉత్తర అమెరికాలో మరే రేవుకన్నా ఎక్కువమంది ఆఫ్రికన్ బానిసలు దిగిన రేవు చార్ల్స్‌టన్. దిగిన ఆ రేవుగట్టు మీద వాళ్ళ చరిత్రను చెప్పే మ్యూజియం తెరిచింది 2023లో. గుర్రపుబండి షికార్లు అంతకు ఎన్నో దశాబ్దాల ముందునుంచే వున్నాయి.

ఆ వూళ్ళో కల్హూన్ వీధి అని ఒకటుంది. కల్హూన్ బానిసత్వం మేలయినదని సిద్ధాంతం చేసిన రాజకీయవేత్త. ఆయన విగ్రహం ఆ వీధి పక్కన ఎత్తయిన స్తంభం మీద 2020 జూన్ దాకా వుంది. అదే వీధిలో ఎమాన్యుయేల్ చర్చి వుంది. 1822లో తిరుగుబాటు తలపెట్టాడన్న అభియోగం మీద డెన్మార్క్ వెసీని, ఆయనతోపాటు మరి 34 మందిని ఉరితీశారే, ఆ వెసీ సభ్యుడుగా వున్న సంఘం నుంచి వచ్చిందే ఈ చర్చి. 2015 జూన్ 17న ఒక తెల్లజాతి దురహంకారి లోపలికి వచ్చి తొమ్మిదిమందిని కాల్చిచంపింది అక్కడే. చరిత్ర గతించినదని నమ్మి చూడవచ్చిన యాత్రికుడికి ఆ వీధి చివరిదాకా నడిస్తే చాలు.

తోటల బంగళాల్లో పెళ్ళిళ్ళు చేసుకునే ఆచారం ఇంకో సంగతి. చెరుకుతోటల్లో, పత్తితోటల్లో బానిసల చావుల మీద లేచిన భవనాలను పెళ్ళిళ్ళకు అద్దెకిస్తారు. లూసియానాలో నాటొవే అనే పెద్ద బంగళా అట్లాంటి విడిదిగా వుండి 2025 మేలో తగలబడిపోయింది. కొందరు వారసత్వసంపద పోయిందని వాపోయారు, కొందరు పండగ చేసుకున్నారు. అదే రాష్ట్రంలో విట్నీ అనే తోటను 2014 నుంచి బానిసల దృష్టితో చూపిస్తున్నారు. అక్కడ పెళ్ళిళ్ళు లేవు.

న్యూ ఓర్లియన్స్‌ను రెండు రోడ్లతో చదవవచ్చు. 1960లలో ఆ నగరానికి రెండు ఎత్తయిన కార్ల రహదార్లు తలపెట్టారు. ఒకటి నది ఒడ్డున, యాత్రికులు విరగబడే ఫ్రెంచి పేట ముందుగా పోవాలి. రెండోది నల్లవారి త్రెమే పేటలో క్లేబోర్న్ వీధి మీదుగా పోవాలి. ఫ్రెంచి పేటవారు కోర్టులకు, వాషింగ్టన్‌కు ఎక్కి పోరాడారు. 1969లో ఆ రోడ్డు రద్దయింది. క్లేబోర్న్ వీధిలో మధ్యగా సాగిన ఓక్ చెట్ల వరసను 1966లోనే నరికేసి కాంక్రీటు స్తంభాలు లేపారు. ఫ్రెంచి పేటకు వెళ్ళే యాత్రికుల్లో అనేకులు ఆ స్తంభాల మీది రోడ్డు మీదనే వెళతారు. కింద ఏం వుండేదో వాళ్ళకు తెలిసే వీలులేదు.

ఇంతవరకు చదివి, అయితే ఈ చారిత్రక నగరాలన్నీ బూర్జువా బూటకాలు, చూడదగినవి కావు అని తీర్పుచెప్పే మిత్రులు మనలో వున్నారు. ఆ తీర్పు వినడానికి ఘాటుగా వుంటుంది గాని, పాత సాహిత్యమంతా భూస్వామ్య సాహిత్యం కాబట్టి తగలబెట్టమనడం ఎంత తెలివో ఇదీ అంతే తెలివి. విలియమ్స్‌బర్గ్‌లో ఇవ్వాళ కూడా కమ్మరి, పీపాలవాడు, బండిచక్రాలు చేసే వడ్రంగి పాత పనిముట్లతో పనిచేసి చూపుతారు. దొరల భవనం కంటే ఆ కొలిమి దగ్గరనే పిల్లలు ఎక్కువసేపు నిలబడతారు. శ్రమను కళ్ళారా చూసే ఆ అవకాశం రాక్‌ఫెల్లర్ డబ్బుతో వచ్చినంత మాత్రాన రాక్‌ఫెల్లర్ సొత్తు కాదు. దాన్ని తీసుకోవాలి, దానికి జతగా కొలిమి దగ్గరి బానిస కథ ఏమయిందని అడగాలి.

అట్లా అడగగా వచ్చిన నగరం ఒకటుంది. మసాచుసెట్స్‌లో లోవెల్. బోస్టన్ ఫ్రీడమ్ ట్రయల్ మీద రెండున్నర మైళ్ళ ఎర్రగీత వెంట నడిచే మనవాళ్ళు అక్కడికి గంటలోపు ప్రయాణంలో వున్న లోవెల్‌కు వెళ్ళడం అరుదు. పందొమ్మిదో శతాబ్దంలో పత్తిమిల్లులతో వెలిగి, ఇరవయ్యో శతాబ్దంలో మిల్లులు దక్షిణాదికి తరలిపోగా ఎండిపోయిన నగరం అది. 1978లో దాన్ని జాతీయ చారిత్రక ఉద్యానంగా చేశారు. బూట్ మిల్లులో నేత గది వుంది. పాత మగ్గాలు కొన్ని నడిపి చూపుతారు. లోపలికి పోయేవాళ్ళ చెవులు మూసుకోవడానికి బిరడాలు ఇస్తారు. నాలుగు నిమిషాలు ఆ హోరు భరించలేని యాత్రికుడికి, రైతుకుటుంబాలనుంచి వచ్చిన పడుచులు రోజుకు పన్నెండు గంటలకు పైగా అక్కడ నిలబడేవాళ్ళని తెలుస్తుంది. 1834లో కూలి తగ్గిస్తే వాళ్ళు పని మాని బయటికి వచ్చారు. 1836లో వసతిగృహాల ఖర్చు పెంచినప్పుడు మళ్ళీ వచ్చారు. తర్వాత సారా బాగ్లీ వంటివాళ్ళు పదిగంటల పనిదినం కోసం శాసనసభకు అర్జీలు పెట్టారు. ఆ మగ్గాల మీద నేసిన పత్తి దక్షిణాది బానిసలు ఏరినది. నేసిన ముతకగుడ్డలో కొంత తిరిగి అదే బానిసలకు కట్టబెట్టేవాళ్ళు. దక్షిణాదిలో ఆ గుడ్డను "లోవెల్" అనే పిలిచేవాళ్ళు. అంతర్యుద్ధంలో అమెరికా పత్తి ఆగిపోయి లాంకషైర్ మిల్లులు మన దేశం వైపు తిరగడం, ఇక్కడి పత్తి ధర ఒక్కసారి ఎగసి 1865 తర్వాత పడిపోవడం మన చరిత్ర విద్యార్థులు చదువుకున్నదే. ఇన్ని దేశాల రైతూ కూలీ ఒక దారం మీద కనిపించే గది అది. శ్రమ చరిత్రను చెబితే యాత్రికులు రారు, వాళ్ళకు సెలవుల్లో ఆహ్లాదం కావాలి అని వాదించేవాళ్ళకు లోవెల్ సమాధానం చెబుతుంది.

అయితే ఒకసారి సాధించుకున్న చరిత్ర శాశ్వతంగా నిలుస్తుందని నమ్మడానికి వీల్లేదు. ఫిలడెల్ఫియా అందుకు సాక్ష్యం. 1950లలో స్వాతంత్ర్య మందిరం ఎదుట మైదానం చెయ్యడానికి పందొమ్మిదో శతాబ్దపు కట్టడాల వాడలు మూడింటిని నేలమట్టం చేశారు. ఆ మైదానం అంచునే, 1790 నుంచి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ నివసించిన ఇంటి స్థలం వుంది. ఆ ఇంట్లో ఆయన వుంచుకున్న బానిసలు తొమ్మిదిమంది. పెన్సిల్వేనియా 1780 చట్టం ప్రకారం ఆరునెలలు దాటి ఆ రాష్ట్రంలో వున్న బానిస స్వేచ్ఛ పొందవచ్చు. కాబట్టి గడువుకు ముందే వాళ్ళను సరిహద్దు దాటించి మళ్ళీ తెచ్చేవాళ్ళు. వాళ్ళలో ఓనీ జడ్జ్ అనే యువతి 1796లో ఆ ఇంట్లోంచి తప్పించుకుపోయింది. అధ్యక్షుడు మనుషులను పంపినా తిరిగి రాలేదు. 1848లో చనిపోయేదాకా న్యూ హాంప్‌షైర్‌లో పేదరికంలో బతికింది. 2003లో స్వేచ్ఛాగంటకు కొత్త మందిరం కట్టినప్పుడు, ఆ బానిసల వసతి వున్న చోటు దాదాపు దాని గుమ్మం ముందే వుందని చరిత్రకారులు చూపారు. నగరంలోని నల్లజాతి ప్రజలు యేళ్ళతరబడి వుద్యమం చేశారు. 2010 డిసెంబరులో తొమ్మిదిమంది పేర్లతో అక్కడ ప్రదర్శన వెలిసింది.

2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడు చరిత్రకు "సత్యాన్ని, వివేకాన్ని" తిరిగి తెస్తామని ఒక ఉత్తర్వు చేశాడు. జాతి గొప్పతనాన్ని తక్కువచేసే ప్రదర్శనలు ప్రభుత్వ స్థలాల్లో వుండగూడదని దాని సారాంశం. ఫిలడెల్ఫియా ఉద్యానం పేరు ఆ ఉత్తర్వులోనే వుంది. 2026 జనవరిలో పనివాళ్ళు వచ్చి బానిసత్వాన్ని గురించిన ఫలకాలను ఊడదీశారు. నగరపాలక సంస్థ వెంటనే కోర్టుకు వెళ్ళింది. ఫిబ్రవరిలో న్యాయమూర్తి వాటిని తిరిగి పెట్టమని ఆదేశించారు. స్వాతంత్ర్య ప్రకటనకు 250 యేళ్ళు నిండే సంవత్సరం అది. సెలవుల్లో వచ్చే యాత్రికుడు నాలుగు వాక్యాలు చదవగూడదని ఒక ప్రభుత్వం ఇంత శ్రమపడింది. యాత్రికుడు చదివేది ఎంత ముఖ్యమో మన సమీక్షకుల కంటే ఆ ప్రభుత్వానికే బాగా తెలిసినట్టుంది.

సెలవుయాత్ర అనేదాన్ని కూడా కొంచెం చూడాలి. అమెరికాలో యజమాని జీతంతో కూడిన సెలవు ఇచ్చితీరాలనే సమాఖ్య చట్టం లేదు. 1938 కార్మిక ప్రమాణాల చట్టం ఆ జోలికి పోలేదు. హోటల్లో పక్కదుప్పటి మార్చే స్త్రీకి ఆ నగరం చూసే తీరిక దొరకడం కష్టం. 2024 సెప్టెంబరు కార్మికదినం నాటికి బోస్టన్‌తో సహా అనేక నగరాల్లో పదివేలమంది హోటల్ కార్మికులు సమ్మెలో వున్నారు. మన యాత్రికుడి కొడుకో కూతురో వీసా ఎప్పుడు ఏమవుతుందోనన్న బెంగతో పనిచేస్తూ, శని ఆదివారాలకు ఒక సోమవారం కలిసివస్తే అమ్మానాన్నలను బయలుదేరదీస్తారు. మూడు రోజుల్లో మూడు నగరాలు. ప్రతిచోటా ఒక ఫొటో, ఒక మాగ్నెట్ బిళ్ళ. యాత్రాకథనాల పలుచదనానికి రచయితల అజ్ఞానం కంటే ఈ తొందర పెద్ద కారణమని నా అనుమానం. తొందరలో వున్నవాడికి కరపత్రమే దిక్కు.

అయినా తొందరలోనూ మనవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళే చోట్లు లేకపోలేదు. షికాగోలో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనానికి వెళ్ళి, 1893 సెప్టెంబరులో వివేకానందుడు ప్రసంగించింది ఇక్కడే కదా అని కళ్ళనీళ్ళు పెట్టుకోని తెలుగు యాత్రికుడు అరుదు. ఆ సంవత్సరమే జూన్ 25న, నగరానికి పడమరగా వున్న ఫారెస్ట్ పార్క్ శ్మశానంలో ఇంకో సభ జరిగింది. ఎనిమిది గంటల పనిదినం కోసం సాగిన 1886 వుద్యమంలో, హే మార్కెట్ బాంబు కేసు పేరుతో 1887 నవంబరు 11న ఉరితీసిన నలుగురికీ, ఉరికి ముందే జైల్లో చనిపోయిన ఒకరికీ స్మారకచిహ్నం ఆవిష్కరించారు. పడిపోయిన కార్మికుడి తలమీద ఒక స్త్రీ పుష్పకిరీటం వుంచుతున్న కంచు విగ్రహం అది. మర్నాడే రాష్ట్ర గవర్నరు ఆల్ట్‌గెల్డ్, జైల్లో మిగిలిన ముగ్గురికీ క్షమాభిక్ష ప్రకటిస్తూ, విచారణే అన్యాయమని రాశాడు. నగరం మాత్రం అంతకు ముందే, 1889లో, హే మార్కెట్ చౌకులో పోలీసు విగ్రహం నిలబెట్టింది. ఆ చోట కార్మికుల పక్షాన ఒక శిల్పం రావడానికి 2004 దాకా పట్టింది. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు నడిచిపోయేంత దూరంలో నీలిరంగు మార్గపు రైలు దొరుకుతుంది. దాని పడమటి కొస స్టేషను ఫారెస్ట్ పార్క్. అక్కడినుంచి శ్మశానం గేటుకు నడిచి వెళ్ళవచ్చు, కారు అవసరం లేదు.